తన కాటాకు తానే ముద్ర వేసుకోవచ్చా?



మా కణేకల్ ప్రాంతంలో హెచ్చెల్సీ నీళ్లు అందిన పొలాల్లో వరి, అందని మెట్టలో శెనక్కాయ. పంట ఏదైనా అమ్మేరోజు రైతు కళ్లు కాటా మీదే ఉంటాయి. కొనే వ్యాపారి పాతికేళ్లుగా తెలిసినవాడే కావచ్చు, మంచివాడే కావచ్చు. అయినా అనుమానం వస్తే రైతు బండిని ఇంకో కాటా దగ్గరికి తోలి తూకం చూసుకుంటాడు. దాన్ని ఎవరూ తప్పుపట్టరు. పైగా ఏ వ్యాపారీ తన కాటాకు తానే ముద్ర వేసుకోలేడు. తూనికలు కొలతల శాఖవాళ్లు తమ తూకపు రాళ్లతో పరీక్షించి ముద్ర వేయాలి. వ్యాపారి దొంగ అని కాదు. నిజాయితీపరుడి కాటా కూడా అరిగిపోతుంది, పక్కకు లాగుతుంది. అది రోజూ దాని పక్కనే కూర్చునేవాడికి కనబడదు.

ఇంత మామూలు జాగ్రత్తను మనం ఒక్కచోట మాత్రం మరిచిపోతున్నాం. అది సాఫ్ట్‌వేర్ దగ్గర. రేషన్ బియ్యం, పింఛను, ఉపాధి కూలి, పిల్లల మార్కులు, భూమి రికార్డు, అన్నీ ఇప్పుడు కంప్యూటర్ తూచి చెబుతున్నాయి. ఆరాధన ముగిశాక నా దగ్గరికి వచ్చే తల్లుల నోట ఈమధ్య తరచుగా వింటున్న మాట ఒకటుంది: "ఏం చేసేది అయ్యగారూ, కంప్యూటర్‌లో అట్లే ఉందంట." ఆ మాటతో సంభాషణ ఆగిపోతుంది. అధికారి తప్పు చేస్తే పై అధికారి ఉన్నాడు. కంప్యూటర్ తప్పు చేస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఆ కాటాకు ముద్ర వేసిందెవరు? ఈ వారం సంపాదకీయం ఆ ప్రశ్న గురించే.

2019 ఏప్రిల్ 18

పక్క రాష్ట్రం తెలంగాణలో 2019 ఏప్రిల్ 18న ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చాయి. తొమ్మిది లక్షలకు పైగా విద్యార్థులు పరీక్షలు రాస్తే మూడు లక్షలకు పైగా తప్పారు. ఆ సాయంత్రం నుంచే ఫిర్యాదులు మొదలయ్యాయి. పరీక్ష రాసిన పిల్లలు రాయనట్టు చూపించారు. మొదటి సంవత్సరంలో మండలానికే మొదటి వరుసలో నిలిచే మార్కులు తెచ్చుకున్న ఒక అమ్మాయికి రెండో సంవత్సరం తెలుగులో సున్నా వచ్చింది. తిరిగి చూస్తే ఆమెకు రావలసినవి 99. తర్వాతి రోజుల్లో ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఇంటర్ బోర్డు కార్యాలయం ముందు తల్లిదండ్రులు రోజుల తరబడి నిలబడ్డారు.

పరీక్షల కంప్యూటర్ పని అప్పట్లో గ్లోబరీనా టెక్నాలజీస్ అనే ప్రైవేటు సంస్థ చేతిలో ఉంది. ప్రభుత్వం ముగ్గురు సభ్యుల కమిటీ వేసింది. రాష్ట్ర టెక్నాలజీ సర్వీసెస్ సంస్థ ఎండీ వెంకటేశ్వరరావు అధ్యక్షుడు. హైదరాబాద్ బిట్స్ పిలానీ, హైదరాబాద్ ఐఐటీల నుంచి ఒక్కొక్క ఆచార్యుడు సభ్యులు. సాఫ్ట్‌వేర్‌లోనూ మనుషుల పనిలోనూ లోపాలు ఉన్నాయని కమిటీ తేల్చింది. మళ్లీ చేసే పరిశీలన ఫలితాలను గ్లోబరీనాతో పాటు మరో స్వతంత్ర సంస్థ కూడా విడిగా లెక్కించాలని చెప్పింది. అలాగే చేశారు. డేటాటెక్ మెథడెక్స్ అనే రెండో సంస్థను పెట్టి రెండు లెక్కలనూ పోల్చి చూశారు. తప్పిన విద్యార్థులందరి పత్రాలనూ ఉచితంగా తిరిగి చూస్తే వెయ్యిమందికి పైగా ఉత్తీర్ణులయ్యారు.

ఇక్కడ న్యాయంగా మాట్లాడాలి. ఆ మరణాలన్నిటికీ సాఫ్ట్‌వేరే కారణమని ఎవరూ చెప్పలేరు. మార్కులే జీవితమన్నట్టు పెంచిన మన ఇళ్లకు, కాలేజీలకు అందులో వాటా ఉంది. ఆ అమ్మాయి సున్నా విషయంలో కూడా తప్పు మొదట మనిషిదే. పత్రం దిద్దినవారు 99 బదులు 00 గడులు నింపారు, దాన్ని సరిచూడవలసినవారు గమనించలేదు. కానీ ఒక్కసారి ఆలోచించండి. అంతకుముందు ఏడాది అంత మంచి మార్కులు తెచ్చుకున్న విద్యార్థికి ఒక్క సబ్జెక్టులో సున్నా వస్తే, "ఆగండి, ఈ పత్రం మళ్లీ తీసి చూడండి" అని హెచ్చరించేలా వ్యవస్థను కట్టడం కష్టమా? బయటివాళ్లు నలుగురు కూర్చుని ఫలితాలకు ముందే "ఏం తప్పు జరగవచ్చు?" అని వెతికి ఉంటే ఈ ప్రశ్న మొదటి రోజే వచ్చేది.

రెండో సంస్థతో విడిగా లెక్కించడం మే నెలలో సాధ్యమైంది. అది మార్చిలో ఎందుకు సాధ్యం కాలేదు? ఆ రెండు నెలల తేడా గురించే మనం ఆలోచించాలి.

కట్టినవాడికి తన గోడ వంకర కనబడదు

సాఫ్ట్‌వేర్ తయారుచేసేవారు దాన్ని పరీక్షించకుండా వదులుతారని కాదు. ప్రతి సంస్థలోనూ పరీక్షించే విభాగం ఉంటుంది. మన సంఘాల బిడ్డలు ఎంతోమంది బెంగళూరులో, హైదరాబాదులో చేసేది ఆ పనే. సమస్య వేరేచోట ఉంది. తయారుచేసినవాడు తాను అనుకున్న దారిలోనే నడిచి చూస్తాడు. అడిగినదాన్ని అతడు మొదటే తప్పుగా అర్థం చేసుకుని ఉంటే పరీక్ష కూడా అదే తప్పు అర్థంతో జరుగుతుంది, పాసైపోతుంది. ఇక గడువు దగ్గరపడితే, పై అధికారి "రేపే విడుదల" అంటే, జీతం ఇచ్చే చేతిని ఎదిరించి "ఆపండి" అనగలిగేవారు ఎందరు?

అందుకే ఈ రంగంలో ప్రాణాలతో ముడిపడిన పనులకు స్వతంత్ర బృందాలు పెట్టే పద్ధతి వచ్చింది. అమెరికాలో 1986 జనవరి 28న చాలెంజర్ వ్యోమనౌక పేలి ఏడుగురు మరణించారు. ఆ ప్రమాదం సాఫ్ట్‌వేర్ వల్ల జరగలేదు. కానీ ఆ తర్వాత జరిగిన సమీక్షలు వ్యోమనౌక సాఫ్ట్‌వేర్‌ను తయారీదారులతో సంబంధం లేనివారు పరీక్షించాలని గట్టిగా చెప్పాయి. 1993లో వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలోని ఫెయిర్‌మాంట్‌లో నాసా దీనికోసమే ఒక కేంద్రం పెట్టింది. 2019లో దానికి క్యాథరిన్ జాన్సన్ పేరు పెట్టారు.

ఆమె ఎవరో తెలిస్తే ఆ పేరు ఎందుకు తగినదో తెలుస్తుంది. 1962లో జాన్ గ్లెన్ భూమి చుట్టూ తిరిగి రావడానికి సిద్ధమైనప్పుడు దారి లెక్కలన్నీ కొత్త కంప్యూటర్ వేసింది. ఆయన ఎక్కే ముందు, ఆ అంకెలను క్యాథరిన్ జాన్సన్ చేత్తో లెక్కవేసి సరిచూడాలని కోరాడు. నల్లజాతి స్త్రీ ఆమె. జాతి పేరిట మనుషులను విడదీసే చట్టాలు ఉన్న రోజులవి. ఆమె చేతి లెక్క కంప్యూటర్ లెక్కతో సరిపోయాకే ఆయన ఎక్కాడు. ఆమె తన సంఘంలో యాభై ఏళ్లు గాయక బృందంలో పాడిన విశ్వాసి కూడా.

స్వతంత్రం అంటే ఏమిటో ఈ వృత్తిలోనివారు మూడు ముక్కల్లో నిర్ణయించుకున్నారు. మొదటిది, పరీక్షించేవారు తయారుచేసినవారి లెక్కలు, పనిముట్లు అరువు తెచ్చుకోకుండా తమ సొంత బుద్ధితో సమస్యను అర్థం చేసుకోవాలి. రెండోది, ఏది పరీక్షించాలో, ఎప్పుడు ఆపాలో వారే నిర్ణయించాలి. తయారీ సంస్థ మేనేజరు వారికి పైవాడు కాకూడదు. మూడోది, వారి డబ్బు తయారీదారు చేతిలో ఉండకూడదు. ఉంటే, చేదు నిజం బయటపడబోయే రోజున ఆ డబ్బు ఆగిపోవచ్చు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా మిగిలేది పేరుకు మాత్రమే స్వతంత్ర పరీక్ష.

రేషన్ కార్డు, పోస్టాఫీసు

తెలంగాణలోనే మరో ఉదాహరణ ఉంది. సమగ్ర వేదిక అనే వ్యవస్థ ప్రభుత్వ శాఖల రికార్డులను జతచేసి ఎవరికి కారు ఉంది, ఎవరికి ఉద్యోగం ఉంది, ఎవరు పేదలు కారు అని తేలుస్తుంది. పేర్లు, చిరునామాలు పోలి ఉంటే ఇద్దరు మనుషులను ఒకరే అనుకునే ప్రమాదం ఇలాంటి పద్ధతిలో ఎప్పుడూ ఉంటుంది. మన ఊళ్లలో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవారు ఎందరో మీకే తెలుసు. దాదాపు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. హైదరాబాదుకు చెందిన ఒక సామాజిక కార్యకర్త సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2022 ఏప్రిల్‌లో కోర్టు ఇంటింటికీ వెళ్లి తిరిగి పరిశీలించమంది. ఆ తర్వాత వచ్చిన దరఖాస్తుల్లో మొదట పరిశీలించిన సుమారు 2 లక్షల 5 వేలలో 15 వేలకు పైగా కుటుంబాలు అర్హులేనని తేలింది. వందకు ఏడున్నర. శాతంగా చెబితే చిన్న అంకెలా ఉంటుంది. పదిహేను వేల ఇళ్లలో పొయ్యి దగ్గర నిలబడి చూస్తే చిన్నది కాదు.

ఈ కేసులో గమనించవలసింది, ఆ వ్యవస్థను బయటినుంచి సరిచూసింది చివరికి దేశపు అత్యున్నత న్యాయస్థానం. రేషన్ బియ్యం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లగలిగే పేదవాడు ఎవరు? పరీక్ష ముందే జరగకపోతే పేదవాడి ఇల్లే పరీక్షశాల అవుతుంది.

ఇది పేద దేశాల కథే అనుకోకండి. బ్రిటన్‌లో పోస్టాఫీసులకు ఫుజిట్సు సంస్థ తయారుచేసిన హొరైజన్ అనే కంప్యూటర్ వ్యవస్థ 1999 నుంచి వచ్చింది. లెక్కల్లో లేని లోటు చూపించేది. ఆ లోటు మీరే తిన్నారంటూ, 2015 వరకు సాగిన కేసుల్లో 900 మందికి పైగా పోస్టుమాస్టర్లను దోషులుగా తేల్చారు. కొందరు జైలుకు వెళ్లారు, ఇళ్లు అమ్ముకున్నారు, కొందరు ప్రాణాలు తీసుకున్నారు. "ఇలాంటి ఇబ్బంది మీ ఒక్కరికే వస్తోంది" అని చాలామందికి చెప్పారు. కంప్యూటర్ సరిగ్గానే పనిచేస్తోందని ముందే అనుకుని విచారణ సాగించే పద్ధతి అక్కడి కోర్టుల్లో ఉండేది.

2012లో పోస్టాఫీసు సెకండ్ సైట్ అనే స్వతంత్ర పరిశోధక సంస్థను పెట్టుకుంది. వాళ్లు లోపాలు ఉన్నాయని చెప్పడం మొదలుపెట్టారు. 2015లో వాళ్ల ఒప్పందాన్నే ముగించేశారు. హొరైజన్‌లో లోపాలున్నాయని 2019 డిసెంబరులో హైకోర్టు తేల్చింది. 2024లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి ఆ శిక్షలను కొట్టివేసింది. స్వతంత్ర బృందాన్ని పెట్టుకోవడం ఒక్కటే చాలదని దీనివల్ల తెలుస్తోంది. ఆ బృందం చెప్పేది చేదుగా ఉన్నప్పుడు కూడా దాన్ని పంపించేసే అధికారం పరీక్షకు లోనైనవాడి చేతిలో ఉండకూడదు.

మన జిల్లా నేర్పిన పాఠం

ఇదంతా పెద్ద చదువుల పని, మనకేం తెలుస్తుంది అనేవారికి మన అనంతపురం జిల్లానే జవాబు. 2006 ఫిబ్రవరి 2న జాతీయ ఉపాధి హామీ పథకం మన నార్పల మండలం బండ్లపల్లిలో మొదలైంది. అదే ఏడాది ఈ జిల్లాలో పెద్ద ఎత్తున సామాజిక తనిఖీ జరిగింది. చదువుకున్న కూలి కుటుంబాల యువకులు, యువతులు మస్టర్లు, చెల్లింపుల రికార్డులు చేత్తో పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. "అమ్మా, నువ్వు ఈ వారం ఆరు రోజులు పని చేసినట్టు ఉంది. చేశావా? డబ్బు ముట్టిందా?" అని అడిగారు. పనులు జరిగిన చోటికి వెళ్లి కొలిచారు. మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టి అందరిముందు చదివారు. చనిపోయినవారి పేర్ల మీద రాసిన కూలి, తవ్వని గుంతలకు ఇచ్చిన బిల్లు, ఇలాంటివి రాష్ట్రమంతటా ఈ తనిఖీల్లో బయటపడ్డాయి.

ఆ పద్ధతిలో రెండు తెలివైన పనులున్నాయి. తనిఖీ చేసేవారిని సొంత ఊరికి కాకుండా వేరే ఊరికి పంపారు. 2009లో తనిఖీ కోసం విడిగా ఒక సొసైటీని ఏర్పాటు చేశారు. పని చేయించేవారు ఒకరు, చూసేవారు ఇంకొకరు. పైన చెప్పిన స్వతంత్రతను పదో తరగతి చదివిన కూలి బిడ్డలతో ఇక్కడ నడిపించారు. కాగితం మీది అంకెను కూలి మనిషి నోటిమాటతో పోల్చి చూడటమే సాఫ్ట్‌వేర్‌కు పెట్టవలసిన చివరి పరీక్ష కూడా. ఇందులోనూ లోటు ఉంది. తప్పని తేలిన సొమ్ములో తిరిగి రాబట్టింది కొద్దిభాగమే. తప్పును కనిపెట్టడం ఒక పని, దిద్దడం ఇంకో పని. రెండోది పాలకుల చేతిలో ఉంది.

ఖర్చు, ఆలస్యం

దీనికి అధికారులు చెప్పే అభ్యంతరాలు రెండు. స్వతంత్ర పరీక్షకు ఖర్చవుతుంది, ఆలస్యమవుతుంది. రెండూ నిజమే. ప్రతి చిన్న యాప్‌కూ నాసా పద్ధతి అక్కరలేదు. పండుగ శుభాకాంక్షల యాప్‌లో తప్పు వస్తే నష్టమేమీ లేదు. కానీ అన్నం, కూలి, చదువు, స్వేచ్ఛ, ప్రాణం, వీటిని తూచే సాఫ్ట్‌వేర్ సంగతి వేరు. అక్కడ పొదుపు చేసిన డబ్బుకు వడ్డీ పేదవాడు కడతాడు.

"మా వెబ్‌సైటుకు ఆడిట్ అయింది" అనే జవాబు కూడా వినబడుతుంది. అది ఏ ఆడిట్ అని అడగాలి. ప్రభుత్వ వెబ్‌సైట్లకు కేంద్రం గుర్తించిన సంస్థల చేత భద్రతా ఆడిట్ చేయించే నియమం ఉంది. బయటివాడు చొరబడగలడా లేదా అని అది చూస్తుంది. ఇంటికి తాళం గట్టిగా ఉందని దాని అర్థం. లోపల అన్నం సరిగ్గా వడ్డిస్తున్నారా అన్నది వేరే పరీక్ష. నాణ్యత పరీక్షలకు కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ కింద ఎస్‌టీక్యూసీ అనే విభాగం ఉంది. పరీక్షించే నైపుణ్యానికీ కొరత లేదు. హైదరాబాదు నుంచి పనిచేసిన యాప్‌ల్యాబ్స్, అక్కడే ఎదిగిన సిగ్నిటి వంటి సంస్థలు సాఫ్ట్‌వేర్ పరీక్షనే వ్యాపారంగా చేసుకుని విదేశాల బ్యాంకులకు, విమాన సంస్థలకు సేవలందించాయి. లండన్‌లోని బ్యాంకు ఖాతాను మన బిడ్డలు సరిచూస్తారు. కణేకల్ వితంతువు పింఛను లెక్కను సరిచూడటానికి మనుషులు లేరంటే నమ్మగలమా?

మన రాష్ట్రంలో 2025 జనవరి 30న మన మిత్ర పేరుతో వాట్సాప్ ద్వారా 161 సేవలు మొదలయ్యాయి. మండల కార్యాలయం చుట్టూ తిరిగే బాధ తగ్గితే సంతోషమే. దాన్ని వద్దనడం లేదు. కానీ సేవలు ఎంత వేగంగా ఫోనులోకి వస్తున్నాయో, అంతే వేగంగా మూడు ప్రశ్నలు మనం అడగాలి. దీన్ని తయారుచేయనివారు ఎవరు పరీక్షించారు? వారి నివేదిక ప్రజలు చదవగలరా? తప్పు వచ్చినప్పుడు కంప్యూటర్‌ను పక్కనపెట్టి చూడగలిగే మనిషి మండలంలో ఎవరు?

సంఘాలకు ఒక మాట

ఈ ఆలోచన మనకు కొత్తది కాదు. ఎజ్రా బబులోను నుంచి యెరూషలేముకు వెండి బంగారాలు తీసుకువెళ్లినప్పుడు బయలుదేరేముందు తూచి అప్పగించాడు. చేరాక అక్కడ వేరే మనుషులు మళ్లీ తూచి, లెక్క, బరువు రాసుకున్నారు. యెరూషలేము పేదల కోసం కానుక పోగుచేసిన పౌలు ఆ సొమ్మును ఒంటరిగా మోసుకుపోలేదు. సంఘాలు ఎన్నుకున్న సహోదరుడు వెంట ఉండేలా చూసుకున్నాడు. వారిమీద నమ్మకం లేక కాదు. సొమ్ము పేదలది కాబట్టి.

కాబట్టి మూడు చిన్న పనులు చేద్దాం. ఫలితాల కాలంలో ప్రతి సంఘమూ పిల్లల పక్కన నిలబడాలి. నమ్మశక్యం కాని మార్కు వస్తే ముందు బిడ్డను దగ్గరికి తీసుకోండి, తర్వాత తిరిగి లెక్కింపుకు దరఖాస్తు పెట్టించండి. అంకె తప్పు కావచ్చునని ఆ రాత్రి ఎవరో ఒకరు బిడ్డకు చెప్పాలి. రేషన్, పింఛను ఆగిపోయినవారికి సంఘంలో చదువుకున్న యువకులు తోడు వెళ్లి కారణం కాగితం మీద రాసి ఇమ్మని అడగాలి. "సిస్టంలో అలా ఉంది" అన్నది కారణం కాదు. ఇక మన సంఘ కానుకల లెక్కను యాప్‌లో రాస్తున్నా, పుస్తకంలో రాస్తున్నా, రాసేవారు, సరిచూసేవారు వేరువేరుగా ఉండాలి. అక్కడ మొదలుపెట్టకుండా ప్రభుత్వాన్ని అడిగే అర్హత మనకు రాదు.

సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగంలో ఉన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు కూడా ఒక మాట. మీ పని చిన్నదని, కోడ్ రాసేవారిదే గొప్పదని మీలో కొందరు నాతో అన్నారు. గడువు ముంచుకొచ్చిన రాత్రి, అందరూ విడుదల చేసేద్దామంటున్నప్పుడు, మీరు చూసిన తప్పును చూశామని చెప్పండి. ఆ తప్పుకు అవతల ఉన్న మనిషి ముఖం మీకు తెలియదు. ఆ మనిషికి మీ పేరూ తెలియదు. ఆ రాత్రి ఆమె పక్షాన మాట్లాడగలిగింది మాత్రం మీరొక్కరే.